నలభై మాత్రలు, నీ ఇష్టం

కొత్తవాడలో మా ఇంటి మీది గదికి కిరాయిదార్లు నిలవరు.
కింద నాయిన గుంటమగ్గం.
పొద్దున ఆరుకు మొదలైతే, దెబ్బ దెబ్బకూ
పైన గిన్నెల నీళ్లు వణుకుతయ్.
అందుకే మాకు దొరికింది.

అలివేలు మేడం జంపఖానా మీద కూర్చుంటది,
వయొలిన్ తల మడమ మీద ఆనించి.
ఎలీషా నిలబడితే తప్ప వాయించలేడు,
ఫాతిమానగర్ చర్చిలో పద్దెనిమిదేండ్లు నిలబడ్డోడు.
ఉట్నూరు బస్సు దిగొచ్చిన మోతీరాం
మూడు తీగెల కీక్రిని రొమ్ముకు ఆనించి గడ్డం దించుతడు,
దాని మాట తనకొక్కడికే వినబడాలన్నట్టు.
దేవుణ్ణి నిద్రలేపే వాద్యమట అది.
"వరంగల్‌ల ఎవర్ని లేపుతవురా?" అని
వాళ్ల మామ అడిగి పంపిండట.

నాది చెల్లో.
సికింద్రాబాద్‌ల పాతది కొని పాసింజర్‌ల తెస్తుంటే
కాజీపేట దగ్గర టీసీ వంగి చూసి అడిగిండు,
"లోపల ఎవరమ్మా?"

మొదటి వారమంతా శ్రుతికే పోయింది.
మేడం షడ్జం ఒక దిక్కు, ఎలీషా ఇనుప ఫోర్కు ఒక దిక్కు.
ఇద్దరూ మర్యాదస్తులు. ఇద్దరూ దిగలేదు.
మోతీరాం బిరడ ఒక్కటి తిప్పి
వాళ్ల నడుమ ఎక్కడో ఆపి
చాయ్ తాగొస్తనని పోయిండు.
తిరిగొచ్చేసరికి ముగ్గురం అక్కడే ఉన్నం.

ఎలీషా కాగితాలు రాసిండు.
మేడంకు సరిగమలు, నాకు అయిదు గీతలు.
మోతీరాం కాగితం మీద ఒకటే ముక్క:
"ఇక్కడ నలభై మాత్రలు, నీ ఇష్టం."
అతను చానసేపు చూసిండు.
"సారూ, ఇష్టం గూడ లెక్కబెట్టాల్నా?"

నాయిన మగ్గం ఏ తాళానికీ రాదు.
పోగు తెగితే ఆగుతది, బీడీ ముట్టిస్తే ఆగుతది,
షావుకారు ఫోన్ చేస్తే ఉరుకుతది.
మేడం దాన్ని ఖండచాపులో ఇరికించబోయి
రెండు రోజులకు నవ్వి వదిలేసింది.

ఒక మాపటేళ, మోహనలో
ఆమె పై గాంధారం మీద నిలిచి ఉండగా
కింద దెబ్బ పడ్డది.
మోతీరాం విల్లు ఎత్తి గాలిలోనే ఆపిండు.
తర్వాతి దెబ్బ ఎప్పుడో
నాయినకే తెలియనిది అతనికెట్ల తెలిసిందో.
పడ్డది. దిగింది.
ఎలీషా పేజీ తిప్పుడు మరిచిపోయిండు.
ఆ దినం నుంచి మేం అయిదుగురం.
నాయినకు మాత్రం చెప్పలేదు.

హనుమకొండల కచేరి.
వాన వెలిసేదాకా ఆగినోళ్లను కలిపి
అరవై మంది.
నలభై మాత్రల కాడికి వచ్చినం.
ఇక్కడ మగ్గం లేదు.
నాలుగు విల్లులూ అలవాటుకొద్దీ ఆగినయ్,
దెబ్బకు జాగ ఇచ్చి.
మళ్ల వాయించినం, మళ్ల ఆగినం.
ముందు వరుసలో ఒక పెద్దమనిషి
ఆ ఖాళీకి తల ఊపుతున్నడు,
కాగితం మీద ఉన్నదే అనుకొని.

మూడోసారి ఆగినప్పుడు జనంలోకి చూసిన.
గోడ పక్క కుర్చీల, ఇస్త్రీ అంగీల, నాయిన.
ముఖంల ఏం లేదు. రోజూ ఉండే ముఖమే.
చెప్పు విడిచిన కుడికాలు మాత్రం
కుర్చీ కింద
మెల్లగ తొక్కుతున్నది.