ఇనుము రాకూడని చోట

కొమ్మాది వెనక, కొండ మలుపులో
మూడు లేఅవుట్ల మధ్య మిగిలిన ఎకరంన్నర చీకటి.
చెట్లు లెక్కపెట్టడానికి నన్ను పంపారు,
రోజుకి ఆరువందలు, బస్సు చార్జీ విడిగా.
సంచిలో గుడ్డ టేపు, అల్యూమినియం బిళ్లలు,
సుత్తి, కిలో మేకులు.

"సెప్పులిప్పు బావూ" అంది బొడ్డ ఎర్నమ్మ.
ఇప్పాను.
"ఆ మేకులూ అక్కడే ఎట్టు.
మరిడమ్మ తోపులోకి ఇనుం రాకూడదు."

కాపాడ్డానికే వచ్చానమ్మా అన్నాను.
నెంబరు పడితే ఎవరూ నరకలేరని,
చుట్టూ కంచె వస్తుందని, గేటు వస్తుందని.
"గేటా?" అంది. అంతే.

ఆమె అత్త నాటికి ఇక్కడ దడి కూడా లేదట.
ఎండుపుల్ల ఇంటికి తీసుకెళ్ళినా
ఆ రాత్రే కళ్ళు మండేవట.
భయం కాసింది ఇన్నేళ్ళూ ఈ నీడని
జీతం అడక్కుండా.

ఇప్పుడెవరికీ కళ్ళు మండవు.
ఆదివారాలు పెళ్ళి ఫొటోల జంటలొస్తారు,
ఊడుగ కొమ్మల కింద లైట్లు పట్టించుకుని.
అమ్మవారి చుట్టూ టైల్సు వేయిస్తానన్న దాత
వేర్లు అడ్డమన్నాడు.
మా ఫారంలో చివరి గడి: విలువ, రూపాయల్లో.
పాల చెట్టుకి రాశాను. నల్లమద్దికి రాశాను.
ముష్టి చెట్టు దగ్గర పెన్ను ఆగింది.
చేదు గింజలకి రేటెవరు చెప్తారు?

బిళ్లని పంటితో కొరికి చూసి
"ఇది ఇనుం కాదులే" అంది.
పసుపు తాడుతో కట్టాం,
నేను నెంబరు చదివితే ఆమె ముడేసింది.
నూట నలభై రెండు.

వెళ్ళబోతుంటే, రాయి వెనక
నా భుజమెత్తు పాల మొక్కని చూపించింది.
"హుద్‌హుద్ ఏడు, ఇరిగిపడ్డ కొమ్మొకటి అట్టుకెల్లేను.
కరెంటు నేదు, గేసు నేదు,
మనవరాలికి పాలు కాయాల.
కళ్ళు మండలేదు బావూ.
మండుంటే బాగున్ను.
అప్పు అలాగే ఉండిపోయింది."

టేపు చుట్టాను. తొమ్మిది సెంటీమీటర్లు.
ముప్పై లేనిది చెట్టు కాదు మా లెక్కలో.
"రాసేవా?"
రాశానన్నాను, పెన్ను మూత తియ్యకుండానే.

బస్సులో మేకుల సంచి ఒళ్ళో బరువు.
హనుమంతవాక దాటాక ఫారం తిరగేసి
గడులు లేని వైపు రాశాను:
నూట నలభై మూడు. పాల.
విలువ: ఒక కొమ్మ, గిన్నెడు పాలు.

ఆఫీసులో ఆ వైపు స్కాన్ చెయ్యరు.