నాలుగో చప్పుడు

గోడలకు చెవులుంటాయంటారు.
వల్పరైసోలో కొండలకు నోళ్ళు కూడా ఉన్నాయి.
రేవులో ఓడ ఒక్కసారి కూస్తే
కొండలన్నీ వంతులవారీగా తిరిగి కూస్తాయి.
ఏది ఓడో ఏది కొండో
ఇక్కడే పుట్టి ముసలివాళ్ళమైన మేమే తేల్చుకోలేం.

అలాంటి ఊళ్ళో, కస్టమ్స్ ఆఫీసు మెట్ల మీద
సెనేటర్ ఉర్రెహోలాను కాల్చి చంపారు.
ఆగస్టు చలి. మధ్యాహ్నం పన్నెండూ నలభై.

ఎంపనాదాలమ్మే ఎదువీనా కళ్ళారా చూశానంది:
గోదాము రెండో అంతస్తు, తెరిచిన కిటికీ,
మూడు మెరుపులు.
బూట్లు తుడిచే నోల్బెర్తో పుట్టు చెవిటివాడు.
అతను వేలు చూపింది కిటికీకి కాదు,
కొండెక్కే లిఫ్టు పక్కన రాతిగోడకి:
అక్కడ పొగ లేచిందట.
"ఆ గోడ వెనక జాలర్లు చేపలు కాల్చుకుంటారుగా?"
జడ్జి ప్రశ్నని అతని చెల్లెలు సైగల్లోకి మార్చింది.
అతను ముక్కు తాకి చూపించాడు:
చేపల పొగ నాకు తెలుసు.
కాన్వెంటు సిస్టర్లు ముగ్గురూ రెండే విన్నారు.
డ్రైవరు ఐదన్నాడు,
ఐదోది తన కారు తలుపేమోనని తర్వాత ఏడ్చాడు.

నా వాటాకి టేపు వచ్చింది.
రేడియో వ్యానులో ఎవరో కట్టెయ్యడం మరిచిన మైకు,
ఐదున్నర నిమిషాల రంపపు పొట్టు.
అందులో నాలుగు దెబ్బలు.
మూడింటికి కిటికీ నుంచి లెక్క కుదిరింది.
నాలుగోది గోడ వెనకనుంచి పేలిందో,
మూడోదాన్నే గోడ అప్పజెప్పిందో.

ఇసుక బస్తాలు పేర్చి సిపాయిల చేత మళ్ళీ కాల్పించాం.
పావురాలు లేచాయి, లెక్క లేవలేదు.
జనం లేని వీధి వేరేలా పలుకుతుంది.
వెయ్యి ఉన్ని కోట్లు ఎంత చప్పుడు మింగుతాయో
ఏ పట్టికలోనూ లేదని రాసిచ్చాను.

పదకొండేళ్ళ తర్వాత ఒక కుర్ర ఇంజనీరు
నాలుగో దెబ్బ అడుగున
వెంట్రుకంత సన్నటి గంట కనిపెట్టాడు.
జాలర్ల చర్చిలో ఒంటిగంట గంట. ఒక్కటే మోత.
అంటే టేపు మొదలయ్యేసరికే సెనేటర్ లేడు.
నా నాలుగు దెబ్బలూ ఏ సారా పీపాలో దొర్లిన చప్పుడు.
కమిషన్ ఒక్క వాక్యంలో పాతిపెట్టింది.

గంట కొట్టే సాకారియాస్‌ని వెతుక్కుంటూ మెట్లెక్కాను.
"ఆ రోజా? పైనుంచి జనం పరుగులు చూశాను.
తాడు చేతికొచ్చింది, ఒక్కసారి లాగాను.
గడియారం ఎవడు చూశాడు?"
నా కాళ్ళు వణికాయి.
మరుసటి వారం సంతకం కోసం వెళితే
"లేదయ్యా, ఆ రోజు తమ్ముడి పెళ్ళి,
నేను ఊళ్ళోనే లేను" అన్నాడు.
రెండుసార్లూ అదే మొహం. దేవుడి తోడన్నాడు, రెండుసార్లూ.

సెనేటర్ భార్య లెయొంతీనా ఒకే ఒక్కసారి వచ్చింది.
కుర్చీ అంచున కూర్చుంది, చేతిసంచి ఒళ్ళోనే.
మూడా నాలుగా అని అడగలేదు.
"ఆయన గొంతుందా ఇందులో?"

లేదు.
రెండో దెబ్బకి ముందు ఎవరిదో దగ్గు ఉంది.
ఆ చలిలో ఆ వీధిలో దగ్గనివాళ్ళెవరు?
ఆ మాట అనలేదు నేను.
హెడ్‌ఫోను ఆమె చెవులకు పెట్టి
వాల్యూము కొంచెం పెంచాను.

కళ్ళు మూసుకుంది.
చెవులారా చూసింది.
"మఫ్లరు మరిచిపోయి వెళ్ళారు ఆ పొద్దున" అంది,
"చెప్తే వినరు."