చుట్ట కాలేంత సేపు

ఈ యేడు మత్తడి దుంకలేదు.
మూడో మెట్టు కాడనే నీళ్లాగినయి.

దీపావళి ఎల్లిన ఆదివారం
బడి వరండాల తైబందికి కూసున్నరు.
చెరువుల ఉన్నయి డెబ్బయి ఎకరాల నీళ్లు,
కట్ట కింద రెండు వందల పది ఎకరాల తరి.
తూము కాడి డెబ్బయే పారాలె,
ఎవలి పొలం ఏ కొసకున్నా
మూడెకరాలకు ఒక ఎకరం పాలు, అన్నడు జంగయ్య.
లొల్లి అయింది.
ఒకల తాత పేరు ఒకలు తీసిండ్రు.
దోమలు బాగ కుట్టినంక ఒప్పుకున్నరు.
నన్ను ఎవ్వలడుగలే.
నీరటి బిడ్డను,
వాళ్లు రాసుకున్నది పారిచ్చేదాన్ని.

నాయిన పార ఇప్పుడు నా భుజమ్మీద.
నలభై ఏండ్లు తాగిన బోరు నీళ్లు
ఆయన బొక్కలల్ల గట్టివడి
మోకాళ్లు విల్లులెక్క వంగినయి.
అరుగు మీదికెళ్లి లేవకుంటనే చెప్తడు:
"పిల్లలకోడి నెత్తి మీదికొస్తె లింగస్వామి వంతు,
మంచంకోళ్లు పైకి లేస్తె సైదులు మడి,
వేగుచుక్కకు గౌండ్లోళ్లది."
నా సెల్లుల అలారం ఉన్నది.
అయినా ఆయన చెప్తుంటె ఆపను.
చుక్కలకు ఛార్జింగ్ ఒడువదంటడు.
మరి మొగులు పడ్డనాడో అంటే
"వాసన" అంటడు,
ఇంకేం చెప్పడు.

నిన్న రాత్రి
సైదులు మడికి నీళ్లు సన్నగైనయి.
చెప్పులు చేతవట్టుకొని
కాలువెంబడి పైకి నడిస్తి.
రెండో మలుపు కాడ, తుమ్మ మొదట్ల,
ఒరానికి జానెడు గండి.
పక్కన ఈదమ్మవ్వ.

పార లేదు ఆమె తాన.
మోచేతుల దాక బురద.
ఆమె పాలు పది గుంటలు
తైబందిల పెద్దకొడుకు పేర ఎక్కినయి.
ఆమెకు మిగిలింది ఈ కాలువ పక్క చారెడు జాగ,
ఉల్లి, తోటకూర, నాలుగు కొత్తిమీర సాళ్లు,
మాల్ అంగడికి మోసే గంపెడు బతుకు.
అది ఏ కాయితంల లేదు.

లైటు మొఖమ్మీద పడ్డా ఉరుకలే.
ఉరికేటందుకు ఆమె మోకాళ్లూ ఈ ఊరియే.
దండం పెట్టలే, ఏడ్వలే.
రొండిల చెయ్యివెట్టి చుట్ట తీసి ముట్టిచ్చింది.
"ఇది కాలేదాక ఉండు బిడ్డా,
ఎన్క నువ్వే పూడ్చు."

నేను లైటార్పిన.

చీకట్ల కాలువ చప్పుడు రెండుగ చీలి వినవడ్డది.
ఎర్రగ ఒక చుక్క
ఒరం మీద పెద్దగైతు, చిన్నగైతు.
నాయిన లెక్కల లేని చుక్క.
సెల్లు చూస్తె ఎంతసేపైందో తెలుస్తుండె.
చూడలే.
సగం కాలినంక అవ్వ గుంజుడు తగ్గిచ్చింది,
ఊకె చేతుల పట్టుకొని కూసున్నది.
చుట్టను గంత పొదుపుగ తాగేటోళ్లను
నేనెన్నడు చూడలే.
ఉల్లి మడి గుటకలేస్తున్నది.

కడకు ఆమెనే పీక పారేసింది, నీళ్లల్ల.
సుయ్యిమన్నది.
మూడు పారల మట్టేసి తొక్కిన.
వంగి గంప నెత్తికెత్తిన.

తెల్లారి నోటుబుక్కుల
నీరటి పాలు ఆరు గుంటలకాడ
ఇరువై ఐదు నిమిషాలు కొట్టేసి
సైదులు పేరు పక్కన రాసిన.
సైదులు వచ్చి నిలవడ్డడు.
"రాత్రి నీళ్లు గట్ల సన్నగైనయేంది?"
"ఎండ్రికాయ బొక్క పడ్డది మామా, పూడ్చిన."
తల ఊపుకుంట పోయిండు.

నాయిన నన్ను దగ్గరికి పిలిచి
కొంగు వాసన చూసిండు.
"ఈ కాలంల ఎండ్రికాయలు
చుట్టలు గూడ తాగుతున్నయా?"

ఆయన నలభై ఏండ్లల్ల
ఎన్ని ఎండ్రికాయ బొక్కలు పూడ్చిండో
నేనడుగలే.
పార కడిగి గోడకు ఆనిచ్చిన.