బయాన

కంపెనీ గేటు కాడ గొడుగు కింద
టేబులేసుకొని కూసున్న పిల్ల పేరు నౌషీన్.
"అక్కా, ఒక్క సంతకం. జీవితాంతం ఫ్రీ" అన్నది.
నైటు డ్యూటీ దిగిన కండ్లకు
ఫ్రీ అన్న మాట చల్లగ తాకింది.
ఇరవై రోజులకు పోస్టుల వచ్చింది కార్డు,
దాని మీద మణెమ్మ అని నా పేరు, ఉబ్బెత్తుగ.
స్టీలు బిందె మీద చుక్కలు చుక్కలుగ కొట్టించిన పేరు తర్వాత
నా పేరు తడిమి చూసుకున్నది గిదే.

ఇప్పుడు పర్సుల రెండున్నయి.
పాతది నీలం, జీతం పడేది.
కురుమూర్తి జాతరల కొన్న గురిగి అసొంటిది,
ఏసిందే ఎల్తది.
ఇరవై ఐదో తారీకు బాదేపల్లి ఏటీఎంల పెడితె
నూట పద్దెనిమిది రూపాయలని
అబద్ధమాడకుంట చెప్తది.
దానికి మొహమాటం లేదు.
బట్టల దుకాణంల నలుగురి ముందట
పైసల్లేవని మిషనుకు చెప్పి ఊరుకుంటది.
సేటు మిషను నా దిక్కు తిప్పుతడు,
నేను చీర మడత పెట్టి ఇచ్చేస్త.

కొత్తది బంగారు రంగు.
అది ఎన్నడూ లేదనదు.
గదే నాకు భయం.

మా నాయిన కుర్మయ్య
ఊషన్న మేస్త్రి తాన బయాన తీసుకున్న దినం
ఇంట్ల కోడికూర వండిండ్రు.
పన్నెండు వేలు, రుమాలల చుట్టిన నోట్లు.
నేను ఆపిల్ పండు మొదటిపాలి తిన్నది ఆ రోజే.
తెల్లారి లారీ ఎక్కిండు, భీవండి దిక్కు, కాలువ తవ్వనీకి.
పది నెల్లు తవ్విండు.
పీర్ల పండుగకొచ్చి లెక్క జూస్తె
తిన్న తిండి, ఎక్కిన లారీ, వచ్చిన జరం
అన్నీ పుస్తకంల ఉన్నయి,
తవ్విన మట్టి ఒక్కటే లేదు.
"ఏం ఫికరు జెయ్యకు కుర్మయ్యా, మిత్తి మందం కట్టు,
అసలు వచ్చే యేడు జూద్దం" అన్నడు మేస్త్రి
మంచోని లెక్కనే నవ్వుకుంట.

నా బిల్లు మీద గూడ గదే మాట.
మినిమమ్ డ్యూ అంటరు.
మేస్త్రి సచ్చిపోయి పదకొండేండ్లాయె,
ఇంగ్లీషు యాడ నేర్చుకున్నడో.

అయితె నిజం జెప్పాలె.
పోయిన శ్రావణంల, అర్ధరాత్రి,
నా కొడుకు కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతుంటె
పాలమూరు దవాఖాన కౌంటర్ల
ముప్పై వేలు కడితెనే లోపలికి అన్నప్పుడు
నీలంది నా మొఖం జూడలే.
బంగారుదే ముందటికొచ్చింది.
ఒక్క గీత. మిషను కీచుమన్నది. తలుపు తెరుసుకున్నది.
ఆ రాత్రి ఊషన్న మేస్త్రే ఎదురొస్తె గూడ
కాళ్లు మొక్కుదును.

ఇంకోటి.
మా లైన్ల గోలీలు ప్యాక్ జేసే అంజిలమ్మకు ఫోనొచ్చింది,
బ్యాంకోళ్లమన్నరు, ఈమె నంబరు చెప్పింది.
నీలం కార్డుల నుంచి రెండు నెలల జీతం పోయింది.
పోయింది ఆమె చెమట.
బంగారుదాంట్లకెల్లి పోతె బ్యాంకోళ్ల పైసలు గదా,
వాళ్లే కొట్లాడుతరని మా సూపర్‌వైజర్ అంటడు.
నిజమో, ఆయనకు గూడ నౌషీనే చెప్పిందో.

కొడుకు కుట్టు మానింది, బడికి ఉరుకుతున్నడు.
ముప్పై వేలకు పది నెల్ల సంది కడుతున్న,
ఇంక పద్దెనిమిది ఉన్నయంట.
లెక్క అడిగితె
ఫోన్ల పాట ఏస్తరు.

నీలంది పర్సుల్నే ఉంచిన.
బంగారుదాన్ని ప్లాస్టిక్ కవరుల చుట్టి
జొన్నల డబ్బా అడుగున పెట్టిన.
తియ్యాలంటె ఇరవై కిలోలు చాపల ఒంపాలె.
ఆ ఒంపేటంత సేపు చాలు
ఏది అక్కెరో ఏది ఆశో తేలనీకి.
ఒక్కోపాలి తేలదు.

మొన్న ఐతారం
సగం డబ్బా దాక ఒంపి
మల్ల చేటతోని ఎత్తి పోసిన.
ఎందుకోసమో అడగకుండ్రి.
చాప సందుల్ల ఇంక నాలుగు గింజలున్నయి,
కోళ్లు ఏరుకుంటున్నయి.