ఆరింటి అంకె

ఫెలిస్మీనాని నేనెప్పుడూ చూడలేదు.
నాకు తెలిసిందల్లా ఒక దగ్గు,
దాని వెనక ఒక అంకె.

రోజూ పొద్దున్నే ఆరింటికి
కొండల కింద, లుసీతె నది మొదట్లో
ఎరుపూ తెలుపూ గీతల కొలకర్ర ముందు నిలబడి
ఆమె రేడియో మీట నొక్కుతుంది.
కబుర్లన్నీ మా ఎన్‌దావు భాషలో,
అంకె మాత్రం పోర్చుగీసులో.
బడిలో దెబ్బలు తిని నేర్చుకున్న మాట కదా,
తప్పు పోదని ఆమె నమ్మకం.
"ఒకటీ ఇరవై." దగ్గు. "మళ్ళీ చెప్పు, తోమె."
"ఒకటీ ఇరవై," అంటాను.
నా నోట విన్నాకే మీట వదులుతుంది.

ఆ నీళ్ళు చేరడానికి పదకొండు గంటలు పట్టే ఈ పల్లంలో
మోటార్‌సైకిల్ బ్యాటరీకి కట్టిన రేడియో పక్కన
నేను గళ్ళ పుస్తకంలో ఎక్కిస్తాను.
నాలుగు దాటితే పసుపు జెండా,
ఆరు దాటితే ఎరుపు.
శిక్షణంటే అంతే, ఒక పూటలో అయిపోయింది.
టోపీ కూడా ఇచ్చారు.

కిందటేడు రెండుసార్లు ఎరుపు ఎగరేశాను.
రెండుసార్లూ నది దారిలోనే మనసు మార్చుకుంది.
బడి గుట్ట మీద రాత్రంతా దోమలకి మేతై
దిగివచ్చిన జనం
నాకు "అంకెల తోమె" అని పేరు పెట్టారు.
జాసింతు అయితే తన మేకకీ అదే పేరు పెట్టాడు.
పిలిస్తే ఇద్దరం తిరిగి చూసేవాళ్ళం.

మార్చి నెల, గురువారం.
రేడియో ఆరింటికి కాదు, రాత్రి తొమ్మిదిన్నరకి దగ్గింది.
"తోమె, రాసుకో."
పెన్ను తీశాను.
"కర్ర కనబడటం లేదు."
ఎంత? అన్నాను, అలవాటు కొద్దీ.
"కర్ర. కనబడటం. లేదు. మళ్ళీ చెప్పు."
చెప్పాను.
మీట వదిలిన చప్పుడు రాలేదు.
వానే వినబడింది, చాలాసేపు.

చీకట్లో ఎర్ర జెండా నల్లగా ఉంటుందని
శిక్షణలో ఎవరూ అనలేదు.
చేతిమైకు నొక్కితే చిన్నగా మూలిగి ఊరుకుంది.
ఆదివారం రోజారియా పెళ్ళిలో
పాడి పాడి దాని బ్యాటరీలు అయిపోయాయి.
అరువిచ్చింది నేనే. ఇది కూడా రాసుకోండి.

సైకిల్ గంట కొట్టాను, సత్తు మూత కొట్టాను,
చెప్పు తీసి తలుపులు కొట్టాను.
"ఎంతట?" లోపలినుంచే అడిగారు, "ఈసారి ఎంతట అంకె?"
"అంకె లేదు," అన్నాను.
అప్పుడు లేచారు.
అంకె చెప్పిన రెండుసార్లూ గొణిగినవాళ్ళు
అంకె లేదనగానే పిల్లల్ని భుజానేసుకున్నారు.

ముసలి న్యామిరే కుట్టుమిషన్ లేకుండా రానంది.
జాసింతూ నేనూ మోశాం.
దారంతా దాని సూది పైకీ కిందికీ ఆడుతూ
వాననే కుట్టుకుంటూ వచ్చింది.
మేకని విప్పడం మరిచిపోయాం.

ఎనిమిదిన్నరకి మా గుట్ట ఒక లంక.
నా పేరున్న మేక గురించి జాసింతు ఏమీ అనలేదు.
నేనూ అనలేదు.

మర్నాడు ఆరింటికి రేడియో పెట్టాను. గరగర.
ఆ మర్నాడూ గరగరే.
బడి గదుల్లో పడుకున్న జనం
ఆ వేళకి లేచొచ్చి నా చుట్టూ కూర్చోవడం మొదలెట్టారు.
ఎవరూ ఏమీ అడగరు.
గరగర విని, బిందెలు తీసుకుని, వరసలో నిలబడ్డానికి పోతారు.

పదమూడో రోజు, దగ్గు.
న్యామిరే చెంగు నోట్లో కుక్కుకుంది.
"కొత్త కర్ర ఇంకా పంపలేదు, తోమె.
ఇవాళ నా మోకాలిదాకా ఉంది.
మళ్ళీ చెప్పు."

ఆమె పొడుగో పొట్టో నాకు తెలీదు.
అంకె గడిలో రాశాను:
ఫెలిస్మీనా మోకాలు.