తేట

మళ్లీ జనవరి. మిర్చి యార్డు గాలి ఇటు తిరిగింది.
మాస్కు లోపల దగ్గు ఆపుకుంటూ
సూది కదలకుండా పట్టుకోవడం నా పని.

వెన్నుపూసల వరస ముగిసే చోట
బొటనవేలికి మాత్రమే తెలిసే ఒక గుంట.
అక్కడ ఒక చుక్క. ఇంకో చుక్క.
బతిమాలి తెచ్చుకునే చేబదులులా
ఆగి ఆగి, రెండు మిల్లీలీటర్లు.
చూపుకి వట్టి నీళ్లే.

యల్లమంద తల అదిమి పట్టుకున్నాడు, గొర్రెది.
"నడుంలో కూడా నీళ్లుంటయ్యా అమ్మా" అంటూ
చెవి కోత మీద వేలు రాస్తున్నాడు.
ఏడాదిన్నరగా వెనక కాలు ఈడుస్తోంది.
మొదట్లో మందకి చివర నడిచేదట,
తర్వాత మంద వెళ్లిపోయాక నడిచేదట.

పొద్దుగూకాక అతను కర్ర అడ్డం పెట్టి
ఇరవైకో గులకరాయి పక్కన వేస్తాడు.
నేను గాజుపలక మీది గళ్లలో
కణాలు లెక్కపెడతాను.
మధ్యలో ఎవరు పలకరించినా
ఇద్దరికీ మొదటికొస్తుంది.

ఆషాఢంలో తొమ్మిది.
దసరాకి నూట నలభై,
అన్నీ గుండ్రటి లింఫోసైట్లే, ఆవగింజల్లా.
పాండీ ద్రావణంలో చుక్క వేస్తే
గంజి ఒలికినట్టు తెల్లటి పొగ.
ఇవాళ ఇరవై రెండు.

"తగ్గింది యల్లమందా" అన్నాను,
కాస్త గొప్పగానే.
అతను కాగితం కేసి చూడలేదు.
బల్ల మీంచి దించిన గొర్రె
దించిన చోటే కూలబడి ఉంది.

"నీళ్లు తేటపడ్డయ్యంటున్నారు.
మా కాలవ కూడా అంతేనమ్మా,
పైన లాకులు మూశాకే తేటపడుద్ది."

ఆ వైరస్ తొందర లేనిది.
ఏ తల్లి పాలల్లో ఎక్కి కూర్చుందో,
ఎన్నేళ్లు కదలకుండా కూర్చుందో.
ఇదంతా నేను పుస్తకంలో చదివాను,
పరీక్షకి, ఒక పేజీలో సగం.

గుమ్మం దాటాక తిరిగి అడిగాడు:
"దీని పిల్లకి మూడో నెల.
పాలు మాన్పించమంటారా?"

దసరాకి అది కడుపుతో ఉంది.
బల్ల మీద పడుకోబెడుతూ
"జాగ్రత్త, చూలుది" అన్నది నేనే.
ఆపైన గళ్లలోకి తల దించాను,
నూట ముప్పై ఎనిమిది, తొమ్మిది, నలభై.

మాన్పించమన్నాను.
చిన్నగా అన్నాను. విన్నాడో లేదో.

బయట ట్రాలీ ఆటోలో
చువ్వకి కట్టేసిన పిల్ల
నాలుగు కాళ్ల మీదా గంతులేస్తోంది.
నాలుగే.
రెండుసార్లు లెక్కపెట్టాను.