గాలిని ఎండబెట్టడం

ఈ ఊళ్ళో ఉప్పు జాడీలో ఉండదు.
గేటు గొళ్ళెంలో ఉంటుంది,
గోడ మీద పొరలుగా లేస్తుంది,
పిన్నీసు తీశాక జాకెట్టుకి మిగిలే
తుప్పు చుక్కలో ఉంటుంది.

జూలైలో ఒక సాయంత్రం
మా ఆయన అల్లిపురం స్టూడియో మూసేసి తెచ్చిన
నెగెటివ్‌ల డబ్బాలు తెరిచాం.
ఎనభై తొమ్మిదిలో పెళ్ళయిన ఎవరో అమ్మాయి.
ముఖం ఉండాల్సిన చోట బూజు.
ఆయన ట్యూబులైటుకి ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు.
"సంతకవిటి వాళ్ళ పెళ్ళి.
ముక్కుకి రెండు వైపులా పుడకలు పెట్టుకుంది" అన్నాడు.
ఫిల్ములో ముక్కే లేదు.

మర్నాడు డాబాగార్డెన్స్‌లో షాపుకెళ్ళాం.
కుర్రాడు రోజుకి పన్నెండు లీటర్లన్నాడు, ఇరవై లీటర్లన్నాడు.
పాలవాడు కూడా అంత ధీమాగా చెప్పడు.
"ఆ లెక్క ఎంత వేడిలో, ఎంత తేమలో తీశారు బాబూ?"
అట్టపెట్టె మూడు సార్లు తిప్పి వెతికాడు.
మోత వినాలి, ఏసీలు ఆపమన్నాను.
మా పడగ్గది పదకొండుకి పన్నెండు అడుగులు,
ఆయన నిద్ర అంతకన్నా చిన్నది.
చివరికి పెద్దదే కొన్నాం.
చిన్నది రోజంతా ఆయాసపడుతుంది,
పెద్దది పని ముగించి ఊరుకుంటుంది.
ఈ సంగతి నాకు మిక్సీ కొన్నప్పుడే తెలుసు.

వాడకంలో కష్టం ఒకటే, కిటికీలు మూయాలి.
లాసన్స్ బే గాలి కోసం
నెలకి మూడు వేలు అద్దె ఎక్కువ కడుతూ
ఆ గాలి మొహానే రెక్కలు వేసేయాలి!
రెండ్రోజులు మనసొప్పక ఓర వాకిలిగా ఉంచాను.
తొట్టి నిండుతూనే ఉంది, మీటరు ఎనభై ఆరు దిగదు.
చెంబుతో సముద్రం తోడుతున్నానని
మూడో రోజుకి అర్థమయింది.

మూసేశాక,
డెబ్బై. అరవై మూడు.
రాత్రి పదకొండుకి యాభై అయిదు.
అక్కడ ఆపేశాను. ఇంకా లాగితే బీరువా చెక్క బీటలిస్తుందట.
అగ్గిపుల్ల మొదటి గీతకే వెలిగింది.
మిషను మాత్రం వెనకనుంచి వెచ్చగా ఊపిరి వదులుతుంది,
కరెంటు బిల్లు చూసి ఆయన వదిలినట్టే.

పొద్దున్నే తొట్టి నీళ్ళు గచ్చు మీద పోస్తుంటే
జాలారిపేట పైడమ్మ గంప దించుకుంది.
"ఏటమ్మా, మీ గదిలో వానొచ్చిందేటి?"
చెప్పాను.
"అయితే మేం సేపనెండబెడతాం,
మీరు గాలినెండబెడతారన్నమాట!"
నవ్వింది. నేనూ నవ్వాను.
ఎందుకో ఆ పూట నెత్తళ్ళు బేరమాడలేదు.

అక్టోబరులో వాయుగుండం.
నాలుగు రోజులు ఎండ మొహం లేదు.
డాల్ఫిన్స్ నోస్ కొండ ఉందో లేదో తెలీదు,
ఓడల కూత మాత్రం వినిపిస్తోంది.
అయిదో రోజు పైడమ్మ మెట్ల మీద నిలబడింది,
తడిసిన గోనె నెత్తిన, గంప చంకలో.
"పురుగడతన్నాయమ్మా" అంది, అంతే.
ఏమీ అడగలేదు.
నేను ఏమనాలో వెతుక్కుంటుండగా
లోపల మంచం జరిపిన చప్పుడు.
ఆయన నెగెటివ్ డబ్బాలు బీరువా మీదికెక్కించి
పాత పేపర్లు నేలంతా పరుస్తున్నాడు.
"అరవై దాటనివ్వకు, తలుపు తీయకు" అన్నాడు
నాకు, ఆమెకి, మిషనుకి కలిపి.

ఆ రెండు రాత్రులూ హాల్లో పడుకున్నాం.
మూడో రోజు ఆమె గంపెత్తుకుపోతూ
గుప్పెడు నెత్తళ్ళు గుమ్మంలో పెట్టి
డబ్బులంటే వినిపించనట్టు దిగిపోయింది.

ఎండొచ్చింది. కిటికీలు తీశాం. మీటరు ఎనభై.
ఆయన డబ్బా దించి
ఆ ముఖంలేని పెళ్ళికూతుర్ని మళ్ళీ వెలుగుకి పట్టాడు.
బూజు పెరగలేదు.
దగ్గరికి తెచ్చి వాసన చూశాడు.
ముఖం చిట్లించి, మెల్లగా అన్నాడు,
"వాళ్ళింట్లో గుమ్మడికాయ దప్పళం వడ్డించారే."